తమ్ముడి కోసం ఊరంతా తిరుగుతున్నాను, ఇంకా ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మేడమ్, నాకు 17 ఏళ్ళు. మా తమ్ముడికి 14. బడికని బయల్దేరిన వాడు తిరిగి ఇంటికి రాలేదు. పది రోజులు దాటిపోయింది. ముందు రోజు రాత్రి వాడు బడి ఎగ్గొడుతున్నాడని నాన్నకు చెప్పింది నేనే. నాన్న బాగా కొట్టారు. వాడు నా వైపు ఒక్కసారి చూశాడు, ఏమీ అనలేదు. వాడి దగ్గర నా పాత ఫోన్ ఉంది, స్విచాఫ్ వస్తోంది. పోలీస్ స్టేషన్‌లో కాగితం తీసుకున్నారు గానీ ‘కోపం తగ్గితే వాడే వస్తాడులే’ అంటున్నారు. నేను కాలేజీకి వెళ్ళడం మానేసి, ఫొటో పట్టుకుని బస్టాండు, రైల్వే స్టేషన్, ఫ్లైఓవర్ల కింద వెతుకుతున్నాను. ఒక్కోసారి ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతోంది. ఇన్‌స్టాలో వాడి ఫొటో, నా నంబరు పెట్టాను. ఎవరో ఫోన్ చేసి ‘మీవాడు మా దగ్గరే ఉన్నాడు, డబ్బులు పంపితే బస్సెక్కిస్తాం’ అంటే రెండు వేలు పంపాను. ఆ తర్వాత ఆ నంబరు కలవలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. అమ్మ మంచం దిగడం లేదు. నాన్న నాతో మాట్లాడటం లేదు. నాకు నిద్ర లేదు. వాడు దొరక్కపోతే నేనూ ఉండను. నగరంలో ఇంకా ఎక్కడెక్కడ వెతకాలో చెప్పండి.

సమాధానం:

బాబూ,

నీ మెయిల్ చూసిన రోజే ముఖ్యమైన ఫోన్ నంబర్లూ, వెంటనే చేయాల్సిన పనులూ నీకు రాసి పంపాను. ఇక్కడ వివరంగా రాస్తున్నది నీ కోసమూ, నీలాగే ఎవరి ఫొటోనో చేతిలో పట్టుకుని తిరుగుతున్న మిగతా పిల్లల కోసమూ.

ఎక్కడ వెతకాలో చెప్పేముందు నీ ఉత్తరంలోని ఒక మాట గురించి మాట్లాడాలి. ‘వాడు దొరక్కపోతే నేనూ ఉండను’ అన్నావు. నేను దాన్ని తేలిగ్గా తీసుకోను, నువ్వూ తీసుకోకు. రోజుల తరబడి నిద్ర లేకపోతే ఎంత ధైర్యవంతుడికైనా ఇలాంటి ఆలోచనలు వస్తాయి. 14416 కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ‘మా తమ్ముడు కనబడటం లేదు, నాకు చచ్చిపోవాలనిపిస్తోంది’ అని ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. మాటలు వెతుక్కోనక్కర్లేదు. ఆ ఆలోచన మరీ బలంగా వచ్చిన రాత్రి మాత్రం ఒక్కడివే గదిలో ఉండకు. అమ్మని లేపు. ఆమె మంచం మీద ఉన్నా సరే, లేపు. అవసరమైతే 112 కి చెయ్యి.

ఇక నీ తప్పు సంగతి. నువ్వు చాడీ చెప్పలేదు. వాడు బడికి పోకుండా ఎక్కడ తిరుగుతున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో అని భయపడి పెద్దవాళ్ళకు చెప్పావు. 17 ఏళ్ళ అన్నయ్య చేయాల్సిన పనే అది. చెయ్యి చేసుకోవడం నాన్న నిర్ణయం, ఇల్లు వదలడం తమ్ముడి నిర్ణయం. మూడింటినీ కట్టగట్టి నీ నెత్తిన పెట్టుకున్నావు.

ఇంకో మాట కూడా అనాలి, నొచ్చుకోకు. ఆ రాత్రి వాడు చూసిన చూపు దగ్గరే నువ్వు ఆగిపోయావు. అందుకే దానికి ముందు జరిగింది నీకు కనబడటం లేదు. వాడు బడి ఎందుకు ఎగ్గొడుతున్నాడు? ఎప్పటి నుంచి? ఆ గంటలన్నీ ఎక్కడ గడిపాడు? దెబ్బలు వాడిని ఇంట్లోంచి బయటికి నెట్టి ఉండొచ్చు, కానీ ఎటు వెళ్ళాలన్నది వాడికి అంతకు ముందే ఎంతో కొంత తెలిసి ఉంటుంది. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరికైనా డబ్బులు బాకీ పడ్డాడా, పని ఇప్పిస్తామని ఎవరైనా చెప్పారా, ఆన్‌లైన్‌లో ఎవరితోనైనా స్నేహం కుదిరిందా? నగరం చాలా పెద్దది, నీ కాళ్ళు రెండే. కానీ తమ్ముడి గురించి నీ తలలో ఉన్న సమాచారం పోలీసుల దగ్గర లేదు, మీ నాన్న దగ్గర కూడా లేదు. దాన్ని బయటికి తియ్యి.

ఈ రోజు బయటికి పోకుండా తెల్ల కాగితాలు తీసుకుని కూర్చో. మొదటి దాని మీద వాడి ఒంటి గుర్తులు రాయి. ‘ఎత్తు అయిదడుగులు, చామనఛాయ’ అని ఆపేస్తే ఊళ్ళో సగం మంది పిల్లలు అలాగే ఉంటారు. నీకు మాత్రమే తెలిసినవి రాయి: ఏ చేత్తో రాస్తాడు, నడిచేటప్పుడు ఏ భుజం వంగుతుంది, కొత్తవాళ్ళు పలకరిస్తే గోళ్ళు కొరుక్కుంటాడా, చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంటాడా, చెప్పులు ఏ వైపు అరుగుతాయి. ఆ రోజు వేసుకున్న బట్టలు, బ్యాగు రంగు, బూట్ల కంపెనీ. బ్యాగులో బడి పుస్తకాలే పట్టుకెళ్ళాడా, మార్చుకునే బట్టలు కూడా పెట్టుకున్నాడా అన్నది బీరువా చూసి తేల్చు. చార్జర్ తీసుకెళ్ళాడా? దాచుకున్న డబ్బులు ఉన్నాయా? ముందే అనుకుని వెళ్ళాడా, దారిలో ఏమైనా జరిగిందా అన్నది ఈ చిన్న సంగతులే చెబుతాయి. వెతికే పద్ధతి మొత్తం దాన్ని బట్టి మారిపోతుంది.

రెండో కాగితం మీద మనుషుల పేర్లు. వాడి స్నేహితులతో నువ్వే మాట్లాడు, పెద్దవాళ్ళని వెంటేసుకుని వెళ్ళొద్దు. ‘మావాడు ఎక్కడున్నాడు’ అనడిగితే ‘తెలీదన్నా’ అంటారు. చెప్పనని వాడికి మాటిచ్చి ఉంటారు మరి. ‘బడి ఎగ్గొట్టినప్పుడు మీరంతా ఎక్కడికెళ్ళేవాళ్ళు?’ అని అడుగు. ‘వాడు ఈమధ్య ఎవరి గురించి ఎక్కువ మాట్లాడుతున్నాడు?’ అని అడుగు. వాడిని ఎవరూ కొట్టరని చెప్పు. నీ నంబరు ఇచ్చి వచ్చెయ్యి. ఎదురుగా నోరు మెదపని పిల్లలు రాత్రికి మెసేజ్ పెట్టే అవకాశం ఎక్కువ.

ఆ ఫోన్ నీ పాతదే అన్నావు. అందులో నీ గూగుల్ ఖాతా ఇంకా ఉందేమో చూడు. ఉంటే గూగుల్ ‘ఫైండ్ హబ్’లో (పాత పేరు ‘ఫైండ్ మై డివైస్’) చివరిసారి ఎక్కడ ఆన్‌లో ఉందో కనబడొచ్చు. కంగారులో పాస్‌వర్డ్‌లు మార్చకు, ఏ ఖాతానూ డిలీట్ చెయ్యకు. ఫోన్ అట్టపెట్టె మీద 15 అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది, అది రాసుకో. వాడు సిమ్ పారేసి కొత్తది వేసినా ఆ ఫోన్‌ని ఈ నంబరుతో పోలీసులు పట్టుకోగలరు. వాడి ఇన్‌స్టా పేరు, ఆన్‌లైన్ గేముల్లోని ఐడీలు కూడా రాయి. 14 ఏళ్ళ పిల్లలు చిరునామా దాచినా గేము ఆడటం మానరు. వాడి ఐడీ ఎప్పుడైనా ఆన్‌లైన్‌లోకి వచ్చిందేమో వాడితో ఆడే పిల్లలకు తెలుస్తుంది.

ఈ కాగితాలు పట్టుకుని అమ్మతోనో నాన్నతోనో స్టేషన్‌కి వెళ్ళు. ఒక్కడివే వద్దు. ‘కోపం తగ్గితే వస్తాడులే’ అన్న మాటకు చట్టంలో చోటు లేదు. 18 ఏళ్ళలోపు పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాల్సిందేనని, కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందన్న అనుమానంతోనే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013 మే 10న ‘బచ్‌పన్ బచావో ఆందోళన్’ కేసులో స్పష్టంగా చెప్పింది. 24 గంటలు ఆగాలన్న నిబంధన ఎక్కడా లేదు. ‘వాడు తప్పిపోయిన చోటు మా పరిధి కాదు’ అన్నా కుదరదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే అందరూ జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. కాపీ ఉచితంగా చేతికివ్వాలి.

మీరిచ్చిన కాగితం ఎఫ్‌ఐఆర్ అయ్యిందా, ఊరికే ఫైల్లో పెట్టారా? మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. గొడవ పడొద్దు. ‘సార్, ఎఫ్‌ఐఆర్ నంబరు ఇవ్వండి, కాపీ కావాలి’ అని నాన్నని అడగమను. ప్రతి స్టేషన్‌లో పిల్లల కేసులు చూసే అధికారి ఒకరు ఉండాలి, ఆయన్ని గానీ ఆమెని గానీ కలుస్తామని చెప్పండి. అయినా నమోదు చేయకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, కమిషనరేట్ అయితే డీసీపీకి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ 15100 నంబరులో దొరుకుతుంది. పిల్లలకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. మీ అమ్మగారు అడిగినా సరిపోతుంది.

సీసీ కెమెరాల విషయంలో ఆలస్యం పనికిరాదు. పాత రికార్డింగు మీద కొత్తది పడిపోతూ ఉంటుంది. ఇప్పటికే పది రోజులు దాటాయి కదా, కొన్నిచోట్ల చెరిగిపోయి కూడా ఉండొచ్చు. ఇంటి నుంచి బడికి వెళ్ళే దారిలో ఏయే దుకాణాలకు, అపార్టుమెంట్లకు కెమెరాలు ఉన్నాయో నడిచి చూసి రాసుకో. ఫుటేజీ చెరపకుండా ఉంచమని యజమానులను బతిమాలు, ఆ జాబితా పోలీసులకివ్వు. తిరగాలనిపిస్తే ముందు ఈ దారిలో తిరుగు, ఫ్లైఓవర్ల కింద కంటే ఇక్కడ ఫలితం ఎక్కువ.

తమ్ముడు ఈ నగరంలోనే ఉన్నాడని నువ్వు గట్టిగా అనుకుంటున్నావు. ఉండకపోవచ్చు కూడా. ఇల్లు వదిలిన పిల్లలు చాలామంది రైలెక్కేస్తారు. రైల్వే పోలీసుల కంటో, చైల్డ్ హెల్ప్‌లైన్ వాళ్ళ కంటో పడితే జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్ళాలి. కమిటీ ఆ పిల్లల్ని హోమ్‌కి పంపుతుంది. మళ్ళీ ఇంటికి పంపితే కొడతారన్న భయంతో పేరూ ఊరూ తప్పు చెప్పే పిల్లలు ఎంతోమంది. అలాంటప్పుడు వాడు ఏదో ఊళ్ళో సురక్షితంగానే ఉండి, మీకు మాత్రం కబురు చేరకుండా ఉండొచ్చు. అందుకే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 కి ఫోన్ చేసి వివరాలు నమోదు చేయించు. రైల్వే వాళ్ళ 139 కి కూడా చెప్పు. మీ జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఆఫీసుకు అమ్మానాన్నలు స్వయంగా వెళ్ళి ఫొటో ఇవ్వాలి, మిగతా జిల్లాల కమిటీలకూ పంపమని అడగాలి. తప్పిపోయిన పిల్లల వివరాలు పెట్టే ప్రభుత్వ పోర్టల్‌లో వాడి ఫొటో ఎక్కిందో లేదో స్టేషన్‌లో కనుక్కోండి.

ఫొటో అంటే ఫిల్టర్లు వేసి, కళ్ళజోడు పెట్టి దిగిన సెల్ఫీ కాదు. ముఖం సూటిగా, చెవులతో సహా కనబడాలి. మనుషులు చూసి గుర్తుపట్టడానికే కాదు, యంత్రాలు పోల్చడానికీ అదే కావాలి. తెలంగాణ పోలీసులు 2018లో తెచ్చిన దర్పణ్ లాంటి సాఫ్ట్‌వేర్ తప్పిపోయిన పిల్లల ఫొటోలను హోముల్లో ఉన్న పిల్లల ముఖాలతో పోల్చి చూస్తుంది. ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ అని పోలీసులు పిల్లల కోసం ప్రత్యేకంగా గాలిస్తారు. పేరు మార్చి చెప్పుకున్న పిల్లవాడు ముఖం వల్ల దొరుకుతాడు.

నీకు ఫోన్ చేసి డబ్బులు గుంజినవాడి సంగతి ఈ రోజే ఇంట్లో చెప్పు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు. బిడ్డ కోసం ఏడుస్తున్న ఇంటిని దోచుకునే మనుషులు ఉన్నారు, వాళ్ళకు నీలాంటి పోస్టులే దారి చూపిస్తాయి. 1930 సైబర్ నేరాల నంబరుకు ఫిర్యాదు చేసి, ఆ ఫోన్ నంబరు, డబ్బు వెళ్ళిన ఖాతా వివరాలు మీ కేసు చూసే అధికారికి కూడా ఇవ్వండి. ఇన్‌స్టా పోస్టు ఉంచు, కానీ నీ నంబరు తీసేసి స్టేషన్ నంబరు, 1098 పెట్టు. వాడి ఒంటి గుర్తుల్లో ఒకదాన్ని మాత్రం ఎక్కడా బయటపెట్టకు, పోలీసులకూ మీకూ తెలిస్తే చాలు. రేపు ఇంకెవరైనా ‘మీవాడు మా దగ్గరున్నాడు’ అంటే అడుగు: ‘వాడి మోకాలి మీద ఏముంది?’ నిజంగా ఎదురుగా ఉంటే చూసి చెప్పగలరు. మోసగాడైతే కసురుకుంటాడు, లేదా ముందు డబ్బు అంటాడు. నిజమనిపించినా ఆ మనిషి రమ్మన్న చోటికి నువ్వు వెళ్ళొద్దు, పోలీసులు వెళ్తారు.

అర్ధరాత్రి దాకా తిరగడం నువ్వు ఆపాలి. నిన్ను ఇంట్లో కూర్చోపెట్టాలని నా ఉద్దేశం కాదు. వెతక్కుండా ఉండలేవని నాకు తెలుసు. పగటిపూట వెళ్ళు, పెద్దవాళ్ళు ఒకరిని తోడు తీసుకో, ఎక్కడికి వెళ్తున్నావో ఇంట్లో చెప్పు, చీకటి పడేలోపు వచ్చెయ్యి. నీకూ 18 నిండలేదు. నిద్ర లేని కళ్ళతో, జేబులో ఫోన్ ఒక్కటే పెట్టుకుని నువ్వు తిరిగే ఆ చోట్లు నీకూ ప్రమాదమే. మీ అమ్మ ఇప్పుడు ఒక బిడ్డ కోసం ఎదురుచూస్తోంది. నువ్వు రాని ప్రతి రాత్రీ ఇద్దరి కోసం ఎదురుచూస్తోంది.

మీ అమ్మ మంచం దిగకపోవడం, నాన్న నోరు విప్పకపోవడం, నువ్వు ఇంట్లో నిలవలేకపోవడం, మూడూ ఒకే బాధ. మనిషి పోతే ఏడవడానికి ఒక రోజంటూ ఉంటుంది, ఓదార్చేవాళ్ళు వస్తారు. కనబడకుండా పోతే ఏడవడమూ తప్పనిపిస్తుంది, నవ్వడమూ తప్పనిపిస్తుంది. పాలిన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల నుంచి ఇలాంటి కుటుంబాలతో పనిచేసి, తేలని ఈ దుఃఖాన్ని ప్రత్యేకంగా గుర్తించాలని చెప్పారు. ఇలాంటి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా ఉంటారు. ఎవరి ప్రేమా తక్కువై కాదు. అందుకే నువ్వు కాలేజీకి ఓ పూట వెళ్ళినా, గంటసేపు నిద్రపోయినా తమ్ముడిని మర్చిపోయినట్టు కాదు. తొందరగా తేలకపోతే ఈ వెతుకులాట నెలలు సాగొచ్చు. నాలుగు నెలలు దాటినా దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్ళాలన్న నియమం ఉంది, అది గుర్తుపెట్టుకోండి. అంత దూరం నడవాలంటే నీ ఒంట్లో శక్తి ఉండాలి.

ఈ కింది మాటలు మీ నాన్నగారికి చదివి వినిపించు.

అయ్యా, మీ పెద్దబ్బాయి తమ్ముడు పోవడానికి తనే కారణమని నమ్ముతున్నాడు. మీ మౌనాన్ని వాడు శిక్ష అనుకుంటున్నాడు. మీరు మాట్లాడలేకపోవడం వాడి మీద కోపంతో కాకపోవచ్చు, కొట్టిన చెయ్యి మీదే అయినందుకు కావచ్చు. ఏదైనా ఈ రాత్రి వాడి పక్కన కూర్చోండి. ‘నీ తప్పు లేదురా’ అని నోరు తెరిచి చెప్పండి. మనసులో అనుకుంటే వాడికి వినబడదు.

బాబూ, ఒక్కటి మిగిలింది. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి అవతల ఎవరూ మాట్లాడకపోతే పెట్టెయ్యకు. పిల్లలు ముందు అలాగే చేస్తారు, గొంతు విని చూసుకుంటారు. నువ్వు ‘ఎక్కడ చచ్చావురా’ అనకు, ‘అమ్మ పరిస్థితి చూశావా’ అనీ అనకు. ‘బాగున్నావా? ఎవరూ కొట్టరు. ఎక్కడున్నా నేనూ నాన్నా వచ్చి తీసుకెళ్తాం’ అను. వాడు చోటు చెప్పకపోయినా సరే, మళ్ళీ ఎప్పుడు చేస్తాడో అడుగు. నంబరు, సమయం, వెనకాల వినబడిన చప్పుళ్ళు వెంటనే రాసుకుని స్టేషన్‌కి చెప్పు. వచ్చాక మొదటి రెండు మూడు రోజులు ప్రశ్నలతో వేధించకండి. డాక్టరుకు చూపించండి, ఎక్కడున్నాడో ఎవరేం చేశారో వాడంతట వాడు చెప్పనివ్వండి. బడి ఎందుకు ఎగ్గొట్టాడన్నది అప్పటికైనా తేలాలి. తేలకపోతే మళ్ళీ వెళ్ళిపోయే ప్రమాదం ఉంది.

ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి రాగానే నాకు ఒక్క లైను రాయి. రాకపోతే ఆ సంగతీ రాయి. పై అధికారికి పంపాల్సిన అర్జీ ఎలా రాయాలో నేను దగ్గరుండి రాయిస్తాను.